తడిసిన ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్ల ముడి వేయరానోళ్లు ఎవ్వరూ లేకుండె. యాకుత్‌పురాల మాది దారాలు, దుపట్టాలకు కుట్టే గోటా పట్టీలు, జరీ అంచుల దుకాణం. ముందల దుకాణం, వెనక ఇల్లు. పొద్దున లేస్తే కట్టలు కట్టుడు, కట్టలు విప్పుడు, ఇదే పని. మా బాపు గిరాకీతోని మాట్లాడుకుంటనే, చేతి దిక్కు చూడకుండనే కట్ట కట్టి వాళ్ల ముంగట పడేస్తుండె. మా నాయనమ్మ అయితే ముడి చూసి మనిషిని చెప్తుండె. వదులు ముడి వేసే కోడలు సంసారం ఏం చేస్తదని మా అమ్మను దెప్పని రోజు లేదు. నాయనమ్మ వేసేది పీటముడి, అదీ మూడు. ఒకటి మనిషికి, ఒకటి ఇంటికి, ఒకటి దేవునికి అంటుండె. మూడూ వేసినంక తడి చేత్తో గట్టిగ వత్తుతుండె. తడిస్తే నూలు బిగుసుకపోతది, ఇగ ఆ ముడిని ఎవ్వడూ విప్పలేడని ఆమె ధీమా.

మా వాకిట్ల పక్క అర్రల కిరాయికి ఒకామె ఉండె. పెనిమిటికి రైల్వేల కొలువు, యాకుత్‌పురా స్టేషన్ల డ్యూటీ. వాళ్లది విశాఖపట్నం దిక్కు. ఆమె ‘ఏటి’, ‘అలగ’ అంటే చాలు, మేము పిల్లలం మూతులు మూసుకొని నవ్వుతుంటిమి. చిన్నప్పుడు బర్మాల ఉండెనట, అందుకే గల్లీ అంతా ఆమెను బర్మామె అంటుండ్రి, మేము బర్మా చిన్నమ్మ అంటుంటిమి. బర్మా అంటే మాకేం ఎరుక? అక్కడ ఇంటింటికి ఏనుగు ఉంటదని నేను మా తమ్మునికి చెప్పి పెట్టిన. చిన్నమ్మా, ఏనుగెక్కి వచ్చినవా అని వాడు అడిగితే, ‘లేదు నాన్నా, నడిచొచ్చాను’ అని నవ్వి ఊరుకునేది. గంతే. ఇంకో మాట చెప్పకపోయేది.

గంత మెత్తటి మనిషిని నేను మళ్ల చూడలే. ఎండపెట్టిన వడియాల మీదికెళ్లి మా తమ్ముడు ఉరికినా, అయ్యో కాలు కాలిందా అని అడిగే రకం. ఒక్క దాంట్లనే మా నాయనమ్మకు ఆమె నచ్చకపోయేది. ఆమె ఏది కట్టినా పీటముడి వేయకపోయేది. బిడ్డ ఉయ్యాల గాని, పచ్చడి జాడీకి కట్టిన గుడ్డ గాని, ఒక్క కొస గుంజితే ఊడిపోవాల్సిందే. ‘ఏందమ్మా గది, అదొక ముడేనా?’ అని నాయనమ్మ నోరు చేసుకుంటే తల వంచుకొని తన పని తాను చేసుకునేది.

ఆ ఏడు బోనాల పండుగకు ముసురు పట్టింది. రెండో రోజు అమ్మవారి ఘటం ఏనుగు మీద ఊరేగుతది గద, ఆ ఊరేగింపు మా గల్లీ మలుపు మీదికెళ్లే పోతది. పోతరాజులు, డప్పులు, ఫలహారం బండ్లు, ఇసుక వేస్తే రాలనంత జనం. ముందటేడు పక్క గల్లీ పోరడు గా గుంపుల తప్పిపోయి, పొద్దుగూకినంక దొరికిండు. అప్పటికెళ్లి మా నాయనమ్మకు ఒకటే ఫికర్. మా తమ్మునికి నాలుగేండ్లు. వాడు ఒక్క తాన నిలబడే రకం కాదు. నాకు తొమ్మిదేండ్లు, వాని బాధ్యత నాది.

నాయనమ్మ పాత నూలు చీర అంచు చింపింది. ఒక కొస వాని మణికట్టుకు, ఇంకో కొస నా మణికట్టుకు. అటు మూడు, ఇటు మూడు పీటముళ్లు. పసుపు నీళ్లల్ల వేళ్లు ముంచి ఒక్కొక్క ముడిని వత్తింది. ఇగ మిమ్ముల్ని ఎవడు విడదీస్తడో నేనూ చూస్త అన్నది. నా గదుమ పట్టుకొని, ‘వాడు లేకుంట నువ్వొక్కదానివి ఇంటికి రాకు, చెప్తున్న’ అన్నది. అందరి ఇండ్లల్ల ముసలోళ్లు అనే మాటనే అది. నాకు కోపం కూడా రాలే. ఎప్పుడెప్పుడు ఏనుగును చూస్తనా అని నా పాణం అటే కొట్టుకుంటుండె.

గడప కాడ బర్మా చిన్నమ్మ బిడ్డను చంకలేసుకొని నిలబడ్డది. మా చేతుల దిక్కు చూసింది. ఏటది అన్నది. ఎవ్వరూ జవాబు చెప్పకముందే చంకల బిడ్డను మా అమ్మ చేతుల పెట్టి, దుకాణంలకు పోయి, గోడ మొలకు వేలాడే గోటాల కత్తెర తీసుకొని వచ్చింది. ఏవో దారం పోగులు కత్తిరిస్తది కావచ్చు అనుకున్న నేను. ఆమె మా తమ్ముని ముంగట కూలబడి ముందుగాల గోర్లతోని ముడి పీకి చూసింది. రాలే. పండ్లతోని పట్టి గుంజింది. రాలే. ఆమె ఊపిరి నాకు వినబడుతుండె, పరుగెత్తి వచ్చిన మనిషి లెక్క. ఇగ కత్తెర పెట్టి వాని దిక్కు ముళ్లు కోసింది, నా దిక్కు ముళ్లు కోసింది. నా మణికట్టు మీద జర గీసుకపోయి రక్తం వచ్చినా చూసుకోలే. కింద పడ్డ ముళ్లను కూడా ఏరి ఏరి, అవి ముళ్లని గుర్తు పట్టకుండ, ముక్కలు ముక్కలు చేసింది.

నాయనమ్మ లేచింది చూడుండ్రి! ‘పండుగ పూట నా చేతి ముడి కోస్తవా? దయ్యం పట్టిందానే నీకు?’ అని వాకిలి దద్దరిల్లేటట్టు లొల్లి పెట్టింది. పండుగ నాడు పెద్దమనిషి పసుపు పెట్టి వేసిన ముడి కోసుడంటే మా ఇంట్ల అంతకన్న అపశకునం ఇంకోటి లేదు. దుకాణంల కెళ్లి బాపు ఉరికొచ్చిండు. మా అమ్మ బిడ్డనెత్తుకొని అట్లనే నిలబడిపోయింది. మా తమ్ముడు ఏడుపందుకున్నడు. నేను మాత్రం నోరు తెరిచి చిన్నమ్మ ముఖం చూస్తున్న. ఆమె ముఖంల నెత్తురు చుక్క లేదు.

ముసురుల, వాకిట్ల, తడి బండ మీద కత్తెర ఒళ్లె పెట్టుకొని కూసొని ఆమె చెప్పుడు మొదలువెట్టింది. ఎవ్వరూ అడగలే. అన్నేండ్లు నోట్లకెళ్లి రాని మాట ఆ పొద్దు దానంతటదే వచ్చింది.

వాళ్ల నాయన రంగూన్ల బియ్యం మిల్లుల పని చేస్తుండెనట. జపానోళ్లు బాంబులేస్తే ఊరికి ఊరే లేచిపోయింది. ఓడలల్ల జాగ దొరకలే. ఉన్న జాగ దొరలకు, పెద్దపెద్దోళ్లకు. మిగిలినోళ్లంత నడిచిన్రు. నాయన, అమ్మ, పదేండ్ల ఈమె, నాలుగేండ్ల తమ్ముడు. అడవులు, గుట్టలు, ఎటు చూసినా మన దేశపోళ్లే, వేలకు వేలు. మొదలు జనం సామాన్లు పారేసిన్రట. ఇత్తడి బిందెలు, ట్రంకు పెట్టెలు, ఎవరో అంత దూరం నెత్తిన మోసుకొచ్చిన కుట్టుమిషను, అన్నీ తొవ్వ పక్కపొంటి పడి ఉండెనట. తర్వాత ముసలోళ్లను వదిలిన్రు. చెట్టు కింద కూసోబెట్టి, నెత్తి మీద గుడ్డ కప్పి, నీళ్లు తెస్తమని చెప్పి పోయిన్రు. ఆ ముసలోళ్లకు కూడా తెల్సట. నీళ్లు తెస్తరని ఎవ్వరూ ఎదురుచూడలేదట. ఈ మాట చెప్తున్నప్పుడు నాకు మా నాయనమ్మ దిక్కు చూడబుద్ధి కాలే.

వాగు దొరికితే, పైన శవాలున్నా సరే, తాగిన్రు. తాగినోళ్లకు వాంతులు, బేదులు. వాళ్ల నాయనకు పొద్దున మొదలైతే మాపటికి మనిషి లేడు. కాల్చనీకి కట్టె లేదు, బొంద తవ్వనీకి గడ్డపార లేదు. ఆకులు కప్పి మొక్కి నడిచిన్రు. వెనకొచ్చేటోళ్లు నెడుతుంటే ఏడ్వనీకి కూడా నిలబడలేకపోయిన్రట. నేను తొమ్మిదేండ్ల పోరిని, చావంటే ఇంటి ముంగట డప్పు కొట్టుడు, నలుగురు మోసుడు, బంధువులు వచ్చుడు, ఇదే నాకు తెల్సింది. సొంత నాయనను ఆకుల కింద పెట్టి పోవుడేంది?

ఆ మర్నాడు తప్పిపోయిన పిల్లగాడొకడు కనబడ్డడట. మాటలు కూడా సరిగ్గ రాని వయసు. నడిచేటోళ్లల్ల ఆడమనిషి కనబడితే చాలు, పోయి ఆమె చీర పట్టుకొని మొఖం చూసుడు, కాదని తెలిసి వదిలిపెట్టుడు, ఇంకో ఆమె దగ్గరికి పోవుడు. చిన్నమ్మ వాళ్ల అమ్మ చీర కూడా పట్టుకున్నడట. ఆమె వాని చెయ్యి విడిపించుకొని నడిచింది. తన ఇద్దరికే తిండి లేదు, వాణ్ణి ఏం చేస్తది? జర దూరం పోయినంక ఆగి, తన కొంగు రెండు పేలికలుగ చింపి, ఒక దాంతోని కొడుకు నడుముకు, ఒక దాంతోని బిడ్డ నడుముకు, రెండూ తన నడుముకు కట్టుకున్నది. మూడేసి పీటముళ్లు. అచ్చం మా నాయనమ్మ వేసినట్టే. మనోళ్లందరికి అమ్మలు నేర్పే ముడి అదే గద.

ఆ ముళ్లే మమ్మల్ని కాపాడాయి పెద్దమ్మా అన్నది చిన్నమ్మ, మా నాయనమ్మ దిక్కు చూసి. అబద్ధం చెప్పకూడదు, గుట్టలు దిగేదాక అవే కాపాడాయి అన్నది. నాయనమ్మ అప్పటికే అరుగు మీద కూలబడ్డది.

గుట్టలు దిగితే సముద్రం. అరకాన్ అని ఆ తావు పేరు. అక్కడ పడవెక్కితే ప్రాణం దక్కినట్టే అని అందరి ఆశ. పది మంది పట్టే పడవల ఎంతమంది ఎక్కిన్రో ఎక్కించుకున్నోనికే తెల్వదు. ఏటి నీళ్లు సముద్రంల కలిసే కాడ అల తగిలి పడవ తిరగబడ్డది. ఎవరి పిల్లలు ఎవరి చేతులల్ల ఉన్నరో తెల్వదు. తమ్ముడు పడవ కిందికి పోయిండు. వానితోని కట్టుకున్న పేలిక అమ్మను కిందికి గుంజుతుండె, అమ్మతోని కట్టుకున్న పేలిక ఈమెను గుంజుతుండె. అమ్మ ముడి విప్పనీకి చూసింది. నీళ్లు తాగిన నూలు ముడి, అందుల మూడు ముళ్లు, ఎక్కడికెళ్లి ఊడుతది?

పడవ నడిపే ముసల్మాన్ ఆయన తిరగబడ్డ పడవ మీద బోర్ల పడి, ఒక చేత్తో ఈమె జుట్టు దొరకబట్టిండట. ఆయన నడుముల తాళ్లు కోసే కత్తి ఉంది. అమ్మ ఒక్కసారి పైకి తేలింది. రెండు చేతులతోని పేలికను లాగి పట్టి, ఎక్కడ కోయాల్నో ఆయనకు చూపెట్టింది. కొడుకు దిక్కుది కాదు. బిడ్డ దిక్కుది. ఆయన కోసిండు.

బయట డప్పులు దగ్గరికొస్తున్నయి. గల్లీల పిల్లలు ఏనుగు, ఏనుగు అని ఉరుకుతున్నరు. మా ఇంట్ల ఒక్కరు కూడా కదలలే. మా తమ్ముడు ఏడుపాపి అమ్మ చీర పట్టుకొని నిలబడ్డడు. ఇదంత మన వాకిట్ల రోజూ పిండి జల్లించుకునే మనిషికి జరిగిందా? వడియాలు తొక్కితే కోపం రాని ఈ మనిషికి?

‘మా అమ్మ నన్ను తెంపీసిందనుకున్నాను పెద్దమ్మా,’ అన్నది చిన్నమ్మ. ‘కొడుకుని ఉంచుకుంది, ఆడపిల్లని వదిలీసింది అనుకున్నాను. ఒడ్డెక్కాక కాందిశీకుల క్యాంపులో అందరికీ అలాగే చెప్పాను. మా మేనమామ వచ్చి తీసుకెళ్తే ఆయనకీ అదే చెప్పాను. మా అమ్మకి నేనక్కర్లేకపోయాను అని.’

పెండ్లయి, బిడ్డ పుట్టి, మంత్రసాని ఆ బిడ్డ బొడ్డు కోసినప్పుడు గాని, అమ్మ తెంపింది తనను బతికించనీకే అనే అసలు సంగతి ఆమెకు తెలియలేదట. ఎవ్వరూ చెప్పలే. పురిటి మంచం మీద అట్లనే పండుకొని, అయ్యో అమ్మా అని ఒక్క అరుపు అరిచిందట. నొప్పికి అరిచిందనుకున్నరట అందరు.

అప్పుడు మా నాయనమ్మ ఒక మాట అడిగింది. ఆమె మంచికే అడిగింది, ఓదార్పు మాట దొరకక అడిగింది. ‘బిడ్డా, మీ అమ్మ ఆఖరికి నీ దిక్కు చూసిందా?’ అన్నది.

చిన్నమ్మ తల అడ్డంగ ఊపింది. ‘తెలీదు పెద్దమ్మా. నేనే చూళ్లేదు. కోపం వచ్చి మొహం తిప్పీసుకున్నాను. మళ్లీ ఇటు తిరిగేసరికి నీళ్లే ఉన్నాయి.’

ఇట్లాంటి మాట నేను నా జన్మల ఇంకోసారి వినలే. మా అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది. బాపు గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. మా నాయనమ్మ, ఎవ్వరి ముంగట తల వంచని మనిషి, తడి బండ మీద చిన్నమ్మ పక్కన కూసొని, ఆమె ఒళ్లెకెళ్లి కత్తెర తీసి పక్కకు పెట్టి, ఆమె రెండు చేతులు పట్టుకున్నది. నేనెందుకడిగినే తల్లీ, నా నోరు పడిపోను, నేనెందుకడిగినే అని అదే మాట మీద ఏడ్చింది. ఏనుగు మా మలుపు మీదికెళ్లి పోయిందో లేదో నాకు తెల్వదు.

కొంచెం తేరుకున్నంక చిన్నమ్మే లేచింది. పిల్లలు ఊరేగింపు చూడాలి కదా, వాళ్లేం చేశారు అన్నది. ఇంకో పేలిక తెప్పించి, మా ఇద్దరి చేతులకు తనే కట్టింది, తన జారుముడి. వాడు ఎంత గుంజినా ఊడది. నేను నా వేళ్ల సందుల ఉన్న కొస గుంజితే మాత్రం ఒక్క దెబ్బకు ఊడుతది. నాతోని పదే పదే ఊడదీయించి, కట్టించి, కండ్లు మూసుకొని చేయమని చూసి, అప్పుడు పంపింది. నా మణికట్టు మీద గీతకు పసుపు అద్దింది. నొప్పెడుతుందా అమ్మా అని అడిగింది. నేను లేదన్న. ఫలహారం బండ్ల వెనక మేము పోయినం గాని నేనేం చూసిన్నో నాకు యాది లేదు. నా కండ్లన్నీ ఆ పేలిక మీదనే ఉండె. మా నాయనమ్మ ఆ తర్వాత కట్టలకు పీటముళ్లు వేసింది గాని మనుషులకు మళ్ల వేయలే. ఆమె పోయేముందు కూడ, ఆ పిల్లను గా మాట అడగకపోతే బాగుండు అని మా అమ్మతోని అన్నదట.

ఇప్పుడు నాకు డెబ్భై దాటినయి. జహనుమా బస్తీల మా అత్తగారిది కూడ గోటాల దుకాణమే, నా కోడలు నడుపుతది. ఊరి చివర గుడిసెలేసుకొని ఉన్నరు చూడుండ్రి, బర్మాకెళ్లి పారిపోయి వచ్చినోళ్లు, వాళ్లల్ల ఒక పిల్ల మా దగ్గర దుపట్టాలకు గోటా కుట్టనీకి వస్తది. ఇరవై ఐదేండ్లుంటయేమో. వెంట ఒక చిన్న బిడ్డ. వచ్చీరాని ఉర్దూల తమది అరకాన్ అని చెప్పిననాడు నా చేతిల చాయ్ గ్లాసు చేతిలనే ఉండిపోయింది. ఇన్నేండ్లయినా ఆ నీళ్లు ఇంకా మనుషులను మింగుతనే ఉన్నయా అనుకున్న. పడవ మునిగిందని టీవీల వస్తే ఇంట్లోళ్లు ఎంతమంది పోయిన్రు అని చూస్తరు. నాకు బయటపడ్డోళ్ల మీదనే పాణం కొట్టుకుంటది.

మొన్న పక్క దుకాణం ఆమె వచ్చి కూసొని, ఆ పిల్ల అక్కడ కుడుతుండంగనే, తెలుగు రాదు గద అని, ‘దీనికి ఇంకో పెద్ద పిల్లగాడు ఉండెనట వదినా, వచ్చేటప్పుడు ఏటి కాడ చెయ్యి వదిలేసి వచ్చిందట. కన్నతల్లికి చేతులెట్ల వచ్చినయో!’ అన్నది. నాకు బీపీ ఉంది, డాక్టర్ కోపానికి రావొద్దన్నడు. ఏం రావొద్దు? లేచిన. ఆ చెయ్యి జారినప్పుడు నువ్వున్నవా అక్కడ, నీళ్లల్ల నిలబడ్డవా అని గల్లీ అంతా వినబడేటట్టు అరిచిన. ఇంకోసారి ఆ మాటంటే మా గడప తొక్కకు అన్న. ఆమె మూతి ముడుచుకొని పోయింది. పోతే పోనీ. నా కోడలు పరేషాన్ అయి నన్ను పట్టి కూసోబెట్టింది.

ఆ పిల్లకు మాటలు అర్థం కాలే గాని, లొల్లి తన గురించే అని తెల్సింది. సూది ఆపి నా దిక్కు చూసింది. నేను ఆమెకు చాయ్ పోసి, బిడ్డకు బిస్కెట్లిచ్చి, ఆమె పక్కన పోయి కూసున్న. ఏం లేదు బేటీ, నీ పని చేసుకో అన్న. ఆ పెద్ద పిల్లగాని సంగతి నేను ఇప్పటిదాక అడగలే. తనంతట తాను చెప్తే మాత్రం దుకాణం మూసేసి అయినా వింట, ఎంతసేపైనా వింట. మా నాయనమ్మ అడిగిన ఆ ఒక్క మాట మాత్రం నా నోట్లకెళ్లి రాదు.